మన సంఘం పురస్కారం ఆచార్యులకా, ప్రయోగశాలల్లో నిలబడే కెమిస్టులకా?

విజయనగరం నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు

మన రెండు జిల్లాల రసాయన శాస్త్ర సంఘం ఏటా ఇచ్చే ఒకే ఒక్క పురస్కారం ఇంతవరకు విశ్వవిద్యాలయ ఆచార్యులకే దక్కుతూ వచ్చింది. ఈసారి దానిని పరిశ్రమల్లో నాణ్యతా పరీక్షలు చేసే కెమిస్టులకు కేటాయించాలని కొందరు తీర్మానం పెట్టారు. నేను వ్యతిరేకిస్తున్నాను. అమెరికన్ కెమికల్ సొసైటీలో షికాగో శాఖ కూడా స్థానిక సంఘమే. అయినా అది తన విల్లర్డ్ గిబ్స్ పతకాన్ని 1911లో మొదటిసారి స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్‌కు, 1921లో మేరీ క్యూరీకి ఇచ్చింది. పతకానికి విలువ వచ్చింది ఆ పేర్ల వల్లనే. మనలో మనమే శాలువాలు కప్పుకుంటూ పోతే ఊరి పొలిమేర దాటి ఎవరూ గుర్తించరు.

పైడిభీమవరం నుంచి ఒక క్యూసీ (నాణ్యతా పరీక్షల) కెమిస్టు

మాస్టారూ, షికాగో వారికి క్యూరీ గారు దొరికారు, సరే. మనం చేస్తున్నదల్లా పరిశోధన పత్రాల సంఖ్య లెక్కపెట్టడమే కదండీ. మందుల కర్మాగారంలో రాత్రి షిఫ్టు ఎలా ఉంటుందో ఒక్క సంగతి చెబుతాను. నా పాత ఉద్యోగంలో, తెల్లవారుజామున మూడు గంటలకు, హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి చూపే యంత్రం) తెర మీద ప్రధాన పీక్ (మందును చూపే శిఖరం) దిగిపోతున్న చోట దాని తోకను ఆనుకుని చిన్న బుడిపె, అంటే ఏదో మలినం జాడ, కనిపించింది. సాఫ్ట్‌వేర్‌లో బేస్‌లైన్‌ను, అంటే పీక్ కొలతకు ఆధారమైన అడుగు గీతను, కాస్త పైకి జరిపితే చాలు, అది పరిమితి లోపలే ఉన్నట్టు లెక్క వచ్చేస్తుంది. మా సీనియర్ ఆ గీతను ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టు నమోదు చేసింది. తరువాత విచారణలో మొబైల్ ఫేజ్‌లో (యంత్రం గుండా పారే ద్రావణంలో) మిథనాల్ పాలు తగ్గించి నడిపితే ఆ బుడిపె విడిగా పీకై నిలబడింది. బ్యాచ్ ఆగిపోయింది. ఆమెకు దక్కింది మాత్రం ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో. దీని మీద పత్రం రాయడానికి గోప్యత ఒప్పందం ఒప్పుకోదు. జపాన్‌లో షిమాజు సంస్థ ఇంజనీరు కోయిచి తనకా డాక్టరేట్ లేకుండానే 2002లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. మన సంఘానికి అంతకన్నా పెద్ద పట్టింపులు ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

విశ్రాంత అధ్యాపకుడు

తనకా గారి పని 1987లోనే సదస్సులో అందరి ముందుకు వచ్చింది. తప్పు పట్టదలచినవారు పట్టగలిగారు. మీ సీనియర్ చేసిన పని మెచ్చదగినదే, కాని దానిని మేము ఎలా తేల్చాలి? కంపెనీ సిఫారసు లేఖ అడిగితే, మెమో ఇచ్చినవారే లేఖ రాయాల్సి వస్తుంది.

గరివిడి నుంచి ఒక ఖనిజ విశ్లేషకుడు

మీరిద్దరూ మనిషినే తూకం వేస్తున్నారు. తూచవలసింది పద్ధతిని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం పరీక్షనే చూడండి: మాలిబ్డేట్ కలిపి, క్షయకరణి వేస్తే నీలి రంగు తేలుతుంది, రంగు చిక్కదనమే భాస్వరం లెక్క. అది నిజమో కాదో తేల్చడానికి ఆయన హోదా ఎవరికీ అక్కర లేదు. (1948లో కన్నుమూసిన ఆయనకు నోబెల్ ఎన్నడూ రాలేదు. పెద్ద పురస్కారాల చూపు ఎంత దూరం ఆనుతుందో అక్కడే తెలుస్తుంది.)

మా మాంగనీసు ఖనిజంలోనూ అంతే. లారీ పైపొర నుంచి దోసెడు తీస్తే ఒక శాతం వస్తుంది. కుప్ప పోసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు కలిపి మళ్లీ పంచుకుంటూ పోతే ఇంకొక శాతం వస్తుంది. ధర ఆ శాతం మీదే ఆధారపడుతుంది. ఏ గని సరుకో చెప్పకుండానే ఈ పనిని బోర్డు మీద వివరించవచ్చు. మందు పేరు చెప్పకుండా ఆ బుడిపెను విడదీసిన తీరూ చెప్పవచ్చు. అందుకే అభ్యర్థి ఎవరైనా సభ్యుల ముందు ఇరవై నిమిషాలు సుద్దముక్కతో వివరించి ప్రశ్నలకు జవాబు చెప్పాలని, యజమాని లేఖ అడగరాదని తీర్మానాన్ని సవరించమంటున్నాను.

సోంపేట నుంచి ఒక నీటి పరీక్షల కెమిస్టు

సవరణను సమర్థిస్తున్నాను, ఒక షరతుతో. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. రేపు ఎవరైనా నాలుగు బోరు నీళ్లు పరీక్షించి కారణం పట్టేశామని సభలో ప్రకటిస్తే చప్పట్లు మోగుతాయి, పురస్కారమూ వెళ్లిపోతుంది. ఖాళీ నమూనా (వెతుకుతున్న పదార్థం లేని నమూనా) ఫలితం, పునరావృత కొలతల మధ్య తేడా బోర్డు మీద రాయనివారిని పరిశీలించరాదని కూడా చేర్చండి.

విశ్రాంత అధ్యాపకుడు

ఈ రెండు నియమాలు ఉంటే నా అభ్యంతరం సగం తీరినట్టే. ఆచార్యులను మినహాయించకుండా, వారినీ అదే బోర్డు దగ్గర నిలబెడతామంటే మిగతా సగమూ వదులుకుంటాను.

క్యూసీ కెమిస్టు

ఒప్పుకున్నట్టే, మాస్టారూ. సభ మాత్రం విజయనగరంలో సాయంత్రం కాకుండా రణస్థలంలో ఆదివారం మధ్యాహ్నం పెట్టించండి. రాత్రి షిఫ్టు దిగినవారు కాస్త కునుకు తీసి రాగలుగుతారు.