ఆస్పత్రిలోంచి కాల్పులు జరిగితే దాన్ని కొట్టొచ్చా?

ఉలి:
"కాల్పులు జరిగాయంటే అది ఇక ఆస్పత్రి కాదు, కొట్టొచ్చు" అని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 19వ అధికరణం అలా చెప్పదు. ముందు హెచ్చరించాలి, సందర్భాన్ని బట్టి సబబైన గడువివ్వాలి. అప్పటికీ వినకపోతేనే రక్షణ పోతుంది. గాయపడ్డ సైనికులకు అక్కడ వైద్యం చేయడం, వాళ్ల దగ్గర తీసుకున్న తుపాకులు అక్కడ ఉండటం తప్పు కిందికి రావు.

పాతసిపాయి:
రాసింది నేనే. సబబైన గడువంటే ఎన్ని గంటలు?

ఉలి:
అంకె లేదు.

పాతసిపాయి:
అంకె లేనిది గడువెలా అవుతుంది?

నదితీరం:
2015 అక్టోబర్ 3, అఫ్ఘానిస్తాన్‌లోని కుందూజ్‌లో ఎం.ఎస్.ఎఫ్. (సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ) ఆస్పత్రిని అమెరికా విమానం కొట్టింది. 42 మంది చనిపోయారు. అది ఎక్కడుందో అమెరికా సైన్యానికి ముందే తెలిపారు. 16 మంది అమెరికా సైనిక సిబ్బందిపై శాఖాపరమైన చర్యలతో సరి, ఒక్క క్రిమినల్ కేసూ లేదు. ఇంక గడువు గురించి వాదనెందుకు?

పాతసిపాయి:
అది పొరపాటని అమెరికా సైన్యం విచారణే తేల్చింది. అక్కణ్ణుంచి కాల్పుల్లేవు. నా ప్రశ్న గడువు గురించి.

తెల్లకోటు:
గడువు సంగతి నేను చెప్తాను. యుద్ధం జరిగేచోట నర్సుగా పనిచేశాను. రెండు గంటల్లో ఖాళీ చేయమన్నారు. వెంటిలేటర్ మీద నలుగురు, అంబులెన్సు ఒక్కటే. ఎవర్ని ముందు తీసుకెళ్లాలో నేనే చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ నిద్ర పట్టదు.

పాతసిపాయి:
బాధ అర్థమైందమ్మా. నా తమ్ముడు బడి మేడ మీంచి వచ్చిన తూటాకి పోయాడు. లోపల పిల్లలున్నారని వాడి దళం ఎదురుకాల్పులు ఆపింది. రూల్ పాటించారు, వాణ్ణి పోగొట్టుకున్నారు.

ఉలి:
జెనీవా ఒప్పందాలకు అదనంగా చేర్చిన 1977 మొదటి ప్రోటోకాల్ 51వ అధికరణం ప్రకారం, ఒక పక్షం పౌరుల్ని అడ్డుపెట్టుకున్నా రెండో పక్షం బాధ్యత...

పాతసిపాయి:
నంబర్లు ఆపండి! వాడి ప్రాణం ఏ నంబర్లో ఉంది?

కొత్తసభ్యుడు:
అమెరికా ఆ ప్రోటోకాల్‌ను ఇంకా ఆమోదించనే లేదు.

తెల్లకోటు:
ఒక్కటి సూటిగా అడుగుతాను. పౌరుల కోసం సైనికుడు కాస్త కూడా ఎక్కువ ప్రమాదం మోయకూడదా?

పాతసిపాయి:
మోయకూడదు. మొదట్నించీ నేననేది అదే. గంటల లెక్క వదిలేయండి.

ఉలి:
అయితే మన తగాదా 19వ అధికరణంతో కాదు. పౌరులకు హాని కలగకుండా చేతనైన జాగ్రత్తలన్నీ తీసుకోమని ఆ ప్రోటోకాల్ 57వ అధికరణం చెప్తుంది, సైనికుడు ఎంత ప్రమాదం మోయాలో చెప్పదు. మోయాలనే నేనంటాను. అతనికి తుపాకీ ఉంది, కవచం ఉంది. మంచం మీదున్న రోగికి ఏముంది?

పాతసిపాయి:
నా తమ్ముడికీ కవచం ఉంది.