జీమ్యాట్‌లో 545 దగ్గర ఆగిపోయా, లెక్కలకు ఏ పుస్తకం మంచిది?

హన్మకొండ బీటెక్: అన్నలూ, అక్కలూ, ఎవరైనా చెప్పండి ప్లీజ్. బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో స్కోరు 545 వచ్చింది. సాయంత్రం నుంచి ఆ రిపోర్టు ముందే కూర్చున్నా, అర్ధరాత్రి దాటింది, ఎక్కడ పోయిందో అర్థం కావట్లేదు. ఆఫీసు నుంచి వచ్చి రోజూ నిద్ర మానుకుని చదివా. హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీకి అప్లై చేస్తానని ఇంట్లో చెప్పేశా, ఇప్పుడు నాన్నకు ఏం చెప్పాలో తెలియట్లేదు. 700 కావాలంటే ఎలా? లెక్కలకు ఇంకేం పుస్తకం కొనాలి?

కాజీపేట జంక్షన్: పాతదా, కొత్తదా?

హన్మకొండ బీటెక్: జీమ్యాట్ అన్నా. పోయిన వారమే రాశా.

కాజీపేట జంక్షన్: స్కోరు చివర 5 ఉంది కాబట్టి కొత్త జీమ్యాటే. సెక్షన్ల స్కోర్లు పెట్టు.

గోదావరిఖని సారు: బాబూ, ఇరవై వేలకు పైగా ఫీజు కట్టి ఆ పరీక్ష ఎందుకు రాయాలి? మన దగ్గర ఎంబీఏ సీట్లకు ఐసెట్ ఉంది. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు రాస్తే మార్కు కోయరు. డేటా సఫిషియెన్సీ, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా అని అడిగేవి, అందులోనూ 20 ప్రశ్నలు ఇస్తారు. ఇంగ్లీషు భాగం తప్ప మిగతా ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి కాబట్టి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు న్యాయం జరుగుతుంది. ఆ పరీక్షను కాకతీయ యూనివర్సిటీ ఎన్నో ఏళ్లు నిర్వహించింది. కేయూలో ఎంబీఏ చేసి చక్కగా స్థిరపడ్డ పిల్లలు నాకు తెలుసు. ముందు మన ఇంటి ముందున్న చదువును గౌరవించడం నేర్చుకోవాలి.

హన్మకొండ బీటెక్: సార్, కేయూ అంటే నాకూ గౌరవమే. కానీ నేను అడిగింది జీమ్యాట్ గురించి. జంక్షన్ అన్నా, లెక్కల సెక్షన్ క్వాంట్ 81, ఇంగ్లీషు సెక్షన్ వెర్బల్ 77, డేటా ఇన్‌సైట్స్ 73.

ఓరుగల్లు అక్క: తమ్ముడూ, లెక్కల పుస్తకం కొనకు. నీకు పోయింది డేటా ఇన్‌సైట్స్‌లో. మూడు సెక్షన్లకూ సమాన విలువ. ఒక్కోటి 60 నుంచి 90 దాకా ఉంటుంది, ఎందులో ఒక్క పాయింట్ పెరిగినా మొత్తం స్కోరు ఆరేడు పాయింట్లు కదులుతుంది. 81ని 84 చేయడానికి పడే కష్టంలో సగం పెడితే 73 కాస్తా 79 అవుతుంది. ఇంకోటి, నువ్వు అంటున్న 700 పాత లెక్క. కొత్త స్కేలు మీద 645 దానికి సమానం. ఇంతకీ ఏం పుస్తకాలు చదివావు?

హన్మకొండ బీటెక్: మా అన్న వాడినవే అక్కా. 2019వి. సెంటెన్స్ కరెక్షన్ మొత్తం రెండుసార్లు చేశా.

ఓరుగల్లు అక్క: అయ్యో తమ్ముడూ, సెంటెన్స్ కరెక్షన్ ఇప్పుడు పరీక్షలోనే లేదు. క్వాంట్‌లో జామెట్రీ లేదు. వ్యాసం తీసేశారు. డేటా సఫిషియెన్సీని క్వాంట్ నుంచి డేటా ఇన్‌సైట్స్‌లోకి మార్చారు. 2023 నవంబర్‌లో కొత్త పరీక్ష వచ్చింది, 2024 జనవరితో పాతది ఆగిపోయింది. నువ్వు రాత్రుళ్లు కూర్చుని చదివినదాంట్లో పెద్ద భాగం అడగని సిలబస్.

డేటా ఇన్‌సైట్స్‌లో 20 ప్రశ్నలు, 45 నిమిషాలు. కొన్ని ప్రశ్నల కింద రెండు మూడు భాగాలుంటాయి, అన్నీ కరెక్టయితేనే మార్కు. సగానికి సగం మార్కు ఇవ్వరు. మూడు ట్యాబుల్లో ఈమెయిల్, పట్టిక, నోట్ ఇచ్చే ప్రశ్న దగ్గర మనవాళ్లు ఆరేసి నిమిషాలు కూర్చుండిపోతారు, చివర్లో ప్రశ్నలు వదిలేస్తారు. వదిలేస్తే దెబ్బ గట్టిగా పడుతుంది, అంతకన్నా ఏదో ఒకటి పెట్టి ముందుకు పోవడం నయం. టైమ్ మిగిలితే ఒక్కో సెక్షన్‌లో మూడు జవాబుల దాకా వెనక్కి వచ్చి మార్చుకోవచ్చు.

ఈ డేటా సఫిషియెన్సీ ప్రశ్న చెయ్యి చూద్దాం, కింద ఇచ్చిన రెండు వాక్యాలు జవాబుకు సరిపోతాయా చెప్పాలి. ఒక షాపులో అమ్మకాల్లోంచి ఖర్చులు తీసేస్తే మిగిలేది ఈ నెల పోయిన నెలకన్నా ఎక్కువా? ఒకటి, అమ్మకాలు 20 శాతం పెరిగాయి. రెండు, ఖర్చులు 10 శాతం పెరిగాయి.

హన్మకొండ బీటెక్: రెండూ కలిపితే చాలు. మూడో ఆప్షన్.

గోదావరిఖని సారు: అవును. అమ్మకాలు ఎక్కువ పెరిగాయి, ఖర్చులు తక్కువ పెరిగాయి. లాభం పెరిగి తీరాలి.

కాజీపేట జంక్షన్: కాదు. ఐదో ఆప్షన్, రెండూ కలిపినా చాలవు.

ఓరుగల్లు అక్క: జంక్షన్ చెప్పిందే కరెక్టు. పోయిన నెల అమ్మకాలు 100, ఖర్చులు 300 అనుకోండి. నష్టం 200. ఈ నెల 120, 330. నష్టం 210. ఖర్చులు అమ్మకాలకు రెట్టింపు దాటితే మిగిలేది తగ్గిపోతుంది. షాపు లాభంలో ఉందని ప్రశ్నలో ఎక్కడా లేదు, మనమే అనుకున్నాం.

గోదావరిఖని సారు: నష్టాన్ని "మిగిలేది" అని ఎవరంటారమ్మా? మిగిలింది అంటే చేతిలో ఉన్నది. లేనిదాన్ని మిగిలింది అనరు.

ఓరుగల్లు అక్క: అమ్మకాల్లోంచి ఖర్చులు తీసేస్తే మిగిలేది అని రాశాను కదా సార్. అది మైనస్ కూడా కావచ్చు.

గోదావరిఖని సారు: ముప్పై ఏళ్లు కామర్స్ చెప్పాను. ప్రశ్న స్పష్టంగా లేనప్పుడు పిల్లవాడిది తప్పు అనకూడదు.

కాజీపేట జంక్షన్: పరీక్షలో అడిగేది ఇలాగే సార్.

హన్మకొండ బీటెక్: అక్కా, మళ్లీ ఎప్పుడు రాయొచ్చు?

ఓరుగల్లు అక్క: 16 రోజులు ఆగాలి. 12 నెలల్లో ఐదుసార్ల దాకా రాయొచ్చు. తొందరపడి డేటు బుక్ చేయకు. ముందు అధికారిక సైట్‌లో ఉచితంగా రెండు మాక్‌లు, అంటే నమూనా పరీక్షలు ఇస్తారు, అందులో ఒకటి పరీక్షలాగే కూర్చుని రాయి. బయటి మాక్‌ల స్కోరు చూసి భయపడకు, సంబరపడకు. మాక్ అయ్యాక తప్పయిన ప్రతి ప్రశ్న దగ్గర లెక్క రాక పోయిందా, టైమ్ లేక పోయిందా, లేనిది ఊహించుకున్నావా అని నోట్‌బుక్‌లో రాసుకో. నీకు మూడోది ఎక్కువుంటుందని నా అనుమానం.

కాజీపేట జంక్షన్: ఈసారి సెంటర్‌లో రాసేటట్టయితే ముందు రోజే హైదరాబాద్ చేరుకో.

హన్మకొండ బీటెక్: థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. ఆదివారం మాక్ రాసి ఇక్కడే పెడతా.

జనగామ రైడర్: నాదీ దాదాపు ఇదే స్కోరు. వెర్బల్ 72. జీమ్యాట్ బదులు జీఆర్ఈ పరీక్షకి మారితే మంచిదా? ఎవరైనా రెండూ రాశారా?