కాడ్ చేపలో ఎంహెచ్‌సీ-2 ఎందుకు పోయింది? సెమినార్‌కు సాయం కావాలి

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, బరంపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్, అదే టెన్షన్.

అట్లాంటిక్ కాడ్‌లో రోగనిరోధక శక్తికి కీలకమైన ఎంహెచ్‌సీ-2 జన్యువులు, సీడీ4 అనే ప్రొటీన్ లేవని 2011లో దాని జీనోమ్ చదివినప్పుడు తేలింది. బ్యాక్టీరియా ముక్కలను చూపించేది ఎంహెచ్‌సీ-2, అందుకునేది సీడీ4 ఉన్న సహాయక టీ కణం (మిగతా రోగనిరోధక కణాలను పురమాయించే తెల్ల రక్తకణం). ఈ జంటే లేకపోయినా కాడ్ సముద్రంలో నిక్షేపంగా బతుకుతోంది! దానికి ఎంహెచ్‌సీ-1 జన్యువులు (ఇవి ముఖ్యంగా కణం లోపలి వైరస్ లాంటి వాటి ముక్కలను చూపిస్తాయి) మాత్రం విపరీతంగా ఉన్నాయి.

ఎంహెచ్‌సీ-2 పోయాక ఇవి పెరిగాయా, ఇవి పెరిగాకే అది అనవసరమైపోయిందా? కాడ్ దగ్గరి జాతుల జన్యువులతో పోల్చి ఈ వరస ఎలా తేలుస్తారో కాస్త వివరంగా చెప్పండి. మా సార్ రోహు చేప సంగతి కూడా తప్పకుండా అడుగుతారు. దానికి ఎంహెచ్‌సీ-2 ఉంది కదా, మరి టీకా పనిచేసే తీరు వేరుగా ఉంటుందా? ఇంగ్లీషు పేపర్లున్నా పంపండి, ఒడియా అయితే నాకు చదవడం నిదానం.