నాయకుడి సభల వెంట తిరిగే సామాన్య మద్దతుదారుల అనుభవాలు తెలుపగలరు

నేను ఏ పదవినీ ఆశించని సామాన్య మద్దతుదారుడిని. అభిమానించే నాయకుడి బహిరంగ సభలకూ రోడ్‌షోలకూ నాలుగేళ్లుగా, వీలు చిక్కినప్పుడల్లా సొంత ఖర్చుతో వెళుతున్నాను. గంటల తరబడి నిలబడినా వేదిక మీది మనిషి వేలెడంతే కనబడతాడు. ప్రసంగంలో సగం మరునాడు వీడియోలో వింటే గానీ అర్థం కాదు. అయినా, ముఖపరిచయం లేనివారు పిలిచి నీళ్లసీసా అందించే ఆ చనువు టీవీ ముందు దొరకదు.

ఇటీవల ఒక సభలో, నాయకుడి వాహనం దగ్గరికి రాగానే వెనుకనున్నవారంతా ఒక్కసారిగా ముందుకు తోసుకురావడంతో, బారికేడ్‌కూ జనానికీ మధ్య నలిగి కొద్దిసేపు ఊపిరి తీసుకోలేకపోయాను. చదరపు మీటరుకు ఐదారుగురికి మించి చేరితే మనిషి తన ఇష్టప్రకారం కదలలేడనీ, అలాంటి చోట మరణాలు ఎక్కువగా కాళ్ల కింద పడి కాక, ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక సంభవిస్తాయనీ తరువాత చదివి తెలుసుకున్నాను. చేతులను ఛాతీకి అడ్డంగా ఉంచుకోవాలనీ, తోపుడుకు ఎదురు నిలవక, అది సడలినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగాలనీ నిపుణులు చెబుతారు. చదవడానికి బాగానే ఉంది గానీ, నినాదాల హోరులో అది ఎవరికి గుర్తుంటుంది?

ఏళ్ల తరబడి ఇలా తిరిగిన పెద్దలు దయచేసి చెప్పగలరా: మీరు ఎక్కడ నిలబడతారు, ఇక బయటికి వచ్చేయాలని ఏ గుర్తును బట్టి నిర్ణయించుకుంటారు, వెంట వచ్చిన వృద్ధులను ఎలా కాచుకుంటారు? వెనుక నిలబడితే అభిమానం తక్కువని తోటివారు ఎగతాళి చేసినప్పుడు ఏమని బదులిస్తారో కూడా రాయగలరు. వెళ్లడమే మానుకొమ్మనే సలహాను మాత్రం ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను.