పోర్ట్‌మాగీ, వాలెన్షియా దీవి: సైకిల్ మీద ఏ దిక్కు నుంచి తిరగాలి?

పడమటిగాలి:
ఐర్లండ్ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలోని పోర్ట్‌మాగీ అనే జాలరి ఊరిలో జూన్‌లో రెండు రాత్రులు బస చేయబోతున్నాము. వంతెన దాటితే వాలెన్షియా దీవి. అద్దె సైకిళ్లపై ఒక్క రోజులో దీవి చూసి రావచ్చునా?

కార్క్‌వాసి:
దీవి పొడవు సుమారు 11 కిలోమీటర్లే కనుక దూరం సమస్య కాదు, గాలి సమస్య. అది ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. పోర్ట్‌మాగీ వంతెన దీవికి ఆ వైపునే ఉన్నందువల్ల, మేము ఉదయం వెన్నుగాలితో హాయిగా ఈశాన్య కొసనున్న నైట్స్‌టౌన్ చేరి, సాయంత్రం అదే దారిన వస్తూ ఎదురుగాలికి ఓడి, చాలా దూరం సైకిళ్లను తోసుకుంటూ నడిచాము.

బాటసారి:
అందుకే నేను దీవికి ఎదుట ఐర్లండ్ ప్రధాన భూభాగంలోని కహర్సివీన్ పట్టణం నుంచి బయలుదేరి, ఒళ్లు అలవకముందే ఎదురుగాలిలో పోర్ట్‌మాగీ చేరాను. ఆపై వంతెన మీదుగా దీవిలోకి వెళ్లి, నైట్స్‌టౌన్ దాకా వెన్నుగాలితో తొక్కి, ఫెర్రీలో కొద్ది నిమిషాలలోనే రీనార్డ్ రేవుకు దాటాను. అక్కడి నుంచి కహర్సివీన్ దగ్గరే. ఫెర్రీ శీతకాలంలో నడవదు గానీ జూన్‌లో ఇబ్బంది లేదు. వంతెన దాటగానే ఎడమకు మళ్లి, బ్రే హెడ్ అనే కొండ కొస కింద సైకిల్ ఆపి, పాత కావలి బురుజు దాకా నడవండి. ఆకాశం తేటగా ఉంటే, పూర్వం క్రైస్తవ సన్యాసులు రాతి గుడిసెలు కట్టుకొని నివసించిన స్కెల్లిగ్ మైకేల్ శిఖరం సముద్రంలో నిటారుగా కనిపిస్తుంది.

రాతిపలక:
ఉత్తర తీరాన్ని వదలకండి. 35 కోట్ల సంవత్సరాలకు పైబడిన నాలుగుకాళ్ల జీవి అడుగులు అక్కడి బండపై ఉన్నాయి. వరుసగా చిన్న గుంటలు, అంతే, మా అబ్బాయి "ఇంతేనా?" అన్నాడు, నేను మాత్రం కదలలేకపోయాను. కిందికి దారి నిటారుగా ఉంటుంది కనుక సైకిళ్లను పైనే ఉంచండి. అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన తంతి తీగ కథ కూడా ఈ దీవిదే: 1858లో వేసిన తీగ కొన్ని వారాలకే మూగబోగా, 1866లో ఇక్కడి నుంచి నేటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు వేసిన తీగ నిలిచి పనిచేసింది. నైట్స్‌టౌన్‌లో నాటి తంతి కార్యాలయ భవనం చూడవచ్చును.

పడమటిగాలి:
అందరికీ కృతజ్ఞతలు. బస పోర్ట్‌మాగీలోనే కనుక మాకు ఫెర్రీ దిగాక ఎదురుగాలి తప్పదు. గాలి బలంగా ఉంటే చుట్టు తిరగడం మాని, బ్రే హెడ్, అడుగుజాడలు మాత్రం చూసుకొని వెనుదిరుగుతాము.