అప్‌డేట్: భువనేశ్వర్ దారిలో అమ్మ టిఫిన్ సంగతి

విశాఖ నుంచి భువనేశ్వర్‌కు కారులో వెళ్తున్నాం, షుగర్ ఉన్న అమ్మకు వేళకు టిఫిన్ పడాలి, శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడ ఆగితే మంచిది అని అడిగాను కదా. వెళ్లి వచ్చేశాం.

చిలకపాలెం టోల్ దాటగానే ఆగమన్నారు కొందరు. అప్పటికి మరీ పొద్దున్నే అయింది. నాగావళి, ఆ తర్వాత మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేట సర్వీసు రోడ్డులోకి దిగాం. రేకుల షెడ్డు హోటల్, బయట లారీలు. లారీలు ఆగాయంటే ఇడ్లీ వాయి మీద వాయి దిగుతుంటుందని మా ఆయన లెక్క, అది నిజమే అయింది. పొగలు కక్కే ఇడ్లీ, అల్లం చట్నీ. అమ్మ మాత్ర వేసుకున్న కాసేపటికే ప్లేటు ముందుకొచ్చింది. అసలు నా టెన్షనంతా దాని గురించే. బాత్రూం చిన్నదే కానీ నీళ్లున్నాయి.

తిరుగు ప్రయాణంలో అద్దాల హోటల్ ఒకటి చూసి పిల్లలు గోల పెడితే ఆగాం. ఆర్డర్ రావడానికే ముప్పావు గంట. అమ్మకు చెయ్యి వణుకు మొదలైతే బ్యాగులో ఉన్న బిస్కెట్లే దిక్కయ్యాయి. షుగర్ ఉన్నవాళ్లతో వెళ్తే తిండి చేతిలో ఉండాల్సిందే, ఎంత పెద్ద హోటల్ ఎదురుగా ఉన్నా.

ఎవరో ఇచ్చిన 1033, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్, వాడే అవసరం రాలేదు. పలాసలో జీడిపప్పు కొన్నాం. కంచిలి దగ్గర కొబ్బరి బొండం అమ్మకు సగమే ఇచ్చానని ఇంకా అలిగే ఉంది.