అలిస్-చామర్స్ పాత షేర్ కాగితం దొరికింది, విలువ ఉంటుందా?

కొత్తపేట_కిరణ్:
ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంజనీరింగ్ పుస్తకాల కట్ట కొంటే అందులో ఒక షేర్ సర్టిఫికెట్ వచ్చింది. అలిస్-చామర్స్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ, అమెరికాది. అంచు చుట్టూ కరెన్సీ నోటు మీద ఉండే లాంటి అల్లిక, సంతకాల మీద వరసగా చిల్లులు. తేదీ ఉన్నచోట చిరిగిపోయింది. డీమ్యాట్ చేయిస్తే, అంటే కాగితం షేర్లను ఆన్‌లైన్ ఖాతాలోకి మార్పిస్తే, లక్షలొస్తాయని మా బావ ఒకటే గోల. నిజమేనా? లేకపోతే లామినేషన్ చేయించి గోడకు పెట్టుకుంటా.

మిల్లింగ్_తాత:
లామినేషన్ జోలికి పోకు నాయనా, కొనేవాడు ముట్టుకోడు. బాలానగర్‌లో మెషిన్ల దగ్గరే జీవితం గడిచింది, రిటైరయ్యాక ఈ కాగితాల పిచ్చి పట్టుకుంది నాకు.

ఆ చిల్లులే మీ బావకు జవాబు. అప్పట్లో షేర్లు అమ్మితే పాత కాగితం వెనక్కి పంపాలి. దానికి చిల్లులు పొడిచి రద్దు చేసి, కొన్నవాళ్ళ పేరిట కొత్తది ఇచ్చేవాళ్ళు. పైగా కంపెనీయే 1987లో దివాలా తీసింది.

కథ మాత్రం బాగుంటుంది. ఎడ్వర్డ్ అలిస్ 1861లో మిల్వాకీలో దివాలా తీసిన రిలయన్స్ వర్క్స్ అనే యంత్రాల ఫ్యాక్టరీని వేలంలో కొన్నాడు (మన సిమ్ముల రిలయన్స్ కాదులే). 1877లో ఎడ్విన్ రేనాల్డ్స్ అనే ఇంజనీరును తెచ్చుకున్నాక కోర్లిస్ రకం ఆవిరి ఇంజన్లతో దశ తిరిగింది. 1901లో ఫ్రేజర్ అండ్ చామర్స్‌తోనూ, రాళ్ళు నలిపే క్రషర్ల గేట్స్ కంపెనీతోనూ కలిసి అలిస్-చామర్స్ అయింది. నారింజ రంగు ట్రాక్టర్లు తర్వాతి సంగతి. 'మాన్యుఫ్యాక్చరింగ్' పేరు 1913 నుంచి, కాబట్టి నీది అంతకంటే పాతది కాదు.

ఇంకోటి. ఈ అలిస్, కాగితం డబ్బు కావాలని పోరాడిన గ్రీన్‌బ్యాక్ పార్టీ తరఫున విస్కాన్సిన్ గవర్నర్ పదవికి నిలబడి ఓడాడు. ఆయన పేరున్న కాగితానికి ఇప్పుడు మనం ధర కడుతున్నాం!

బొమ్మ మీద వేలితో తడిమి చూడు. సిరా ఉబ్బెత్తుగా తగిలితే ఉక్కు పలక మీద చెక్కి తీసిన అచ్చు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దొంగ కాగితాలకు భయపడి అలాగే అడిగేది.

కొత్తపేట_కిరణ్:
తగులుతోంది తాతగారూ! బావకు చూపించా, మొహం మాడిపోయింది.

సనత్‌నగర్_శీను:
అమ్మే ఆలోచనుంటే చెప్పన్నా. మన సికింద్రాబాద్‌లో మెషిన్ టూల్స్ చేసిన ప్రాగా టూల్స్ షేర్ కాగితం కోసం కూడా తిరుగుతున్నా. 1943లో పెట్టిన కంపెనీ, తర్వాత సర్కారు చేతికి పోయింది.

మిల్లింగ్_తాత:
ప్రాగాది అంత తేలిగ్గా దొరకదు శీనూ. ఒకప్పుడు కేంద్రానికి 56, రాష్ట్రానికి 32 శాతం పోను, జనం దగ్గరున్నది 12 శాతమే. ఫ్యాక్టరీ ఉండిన కవాడిగూడ వైపు పాత ఉద్యోగుల ఇళ్ళల్లో అడుగు.